మావారికి ఆల్ప్స్ కొండలు చూడాలని కోరిక, నాకేమో తీరని సందేహాలు

గోదావరి తీరంలోని ఒక పట్టణం నుండి యాభై ఎనిమిదేళ్ళ ప్రభుత్వ ఉపాధ్యాయిని ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె భర్త బ్యాంకు ఉద్యోగం నుండి పదవీ విరమణ చేసి నాలుగేళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఒక క్యాలెండరు నుండి చింపి తీసిన స్విట్జర్లాండు మంచు కొండల బొమ్మను ఆయన ఇప్పటికీ బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంచుకున్నారు. రాబోయే మే నెల సెలవుల్లో ఎనిమిది తొమ్మిది రోజులు అక్కడికి వెళ్ళి తీరాలని ఆయన పట్టుదల. అందుకు ఆరు లక్షలు పక్కన పెట్టారు. పింఛను కాక ఇద్దరి పేరా ఉన్న డిపాజిట్లన్నీ కలిపితే పదిహేను లక్షలు. రెండేళ్ళ కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. అయినా రైలు వెళ్ళగలిగిన అన్నిటికన్నా ఎత్తైన చోటికే వెళ్ళాలంటున్నారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శుద్ధ శాకాహారులు. పదకొండు రోజుల్లో ఆరు దేశాలు చూపించే గ్రూపు ప్యాకేజీలో వెళ్ళమని కూతురు అంటున్నది. ఆ డబ్బుతో కాశ్మీరు, హిమాచల్ రెండుసార్లు చూడవచ్చని అల్లుడి మాట. ఎనభై ఆరేళ్ళ అత్తగారిని చూసుకోవడానికి ఆడపడుచు వస్తానన్నారు కానీ, "ఈ వయసులో ఈ సరదాలేమిటి వదినా" అని కూడా అన్నారట. 2025లో అక్కడ మంచు కొండ విరిగిపడి ఒక ఊరు పూడిపోయిన వార్త చూసినప్పటి నుండి అత్తగారు కొడుకును వెళ్ళవద్దంటున్నారు. ఉత్తరం అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాలతో మరొక వాక్యం ఉంది: "వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే చవక అంటున్నారు మావారు. అంత దూరం వెళ్ళినా గరిటె నా చేతిలోనేనా?"

అమ్మా, మీరు చిన్న అక్షరాలతో రాసిన ఆ వాక్యాన్ని నేను అన్నిటికన్నా పెద్దదిగా చదివాను. గుండె, మోకాళ్ళు, డబ్బు, అత్తగారు అన్న నాలుగు చిక్కులకూ ఎవరో ఒకరు ఏదో ఒక దారి చూపించగలరు. ఈ ప్రయాణం మీ ఇద్దరిదా, లేక ఆయన ప్రయాణానికి మీరు తోడు మాత్రమేనా అన్న సంగతి మాత్రం మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిందే. ఉత్తరమంతా వెదికినా మీకు ఏమి చూడాలని ఉందో ఒక్క ముక్క కూడా కనిపించలేదు. ఆయనకు ఏమి కావాలో, ఎవరెవరు ఏమన్నారో మాత్రం వివరంగా ఉంది. ఈ సంగతిని కాసేపు అలా ఉంచి, ముందు మిగతా చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుదాం.

మొదట ఎత్తు సంగతి. మీవారు అంటున్నది యుంగ్‌ఫ్రౌయోక్ అనే చోటు గురించి. అది 3,454 మీటర్ల ఎత్తున, కొండను తొలిచిన సొరంగంలో 1912లో కట్టిన స్టేషను. ఐరోపాలో అంతకన్నా ఎత్తైన రైల్వే స్టేషను లేదు. అక్కడ గాలి ఒత్తిడి మన గోదావరి ఒడ్డున ఉండే దానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. కింద లోయలో ఉన్న ఇంటర్లాకెన్ ఆరు వందల మీటర్ల ఎత్తు కూడా లేదు. అక్కడ పొద్దున ఫలహారం చేసిన మనిషి సుమారు రెండు గంటల్లో ఆ పైకి చేరతాడు. శరీరం ఆ ఎత్తుకు సర్దుకోవడానికి చాలినంత వ్యవధి ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా తల బరువెక్కడం, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం రావడం అక్కడ మామూలే. స్టెంటు వేయించుకుని, మందులు సక్రమంగా వాడుతూ, ఆయాసం లేకుండా నడవగలిగినవారిలో చాలామందికి గుండె వైద్యులు ఇలాంటి ప్రయాణానికి అనుమతి ఇస్తారు. కొందరిని వద్దంటారు. మీవారు ఏ కోవలోకి వస్తారో ఉత్తరం చదివి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. స్టెంటు వేసిన వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు "విమానం ఎక్కవచ్చా" అని మాత్రమే అడిగి రాకండి. ఎత్తు ఎంతో, ఎంతసేపట్లో ఎక్కుతారో, పైన ఎంతసేపు ఉంటారో కాగితం మీద రాసి చూపించండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని కూడా అడగండి.

వైద్యుడు వద్దంటే ప్రయాణమే మానుకోవాలని మీవారు అనుకుంటారేమోనని నా అనుమానం. ఆల్ప్స్ అందం ఆ ఒక్క స్టేషనులోనే లేదు. నిజానికి శిఖరం మీద నిలబడినవారికి ఆ శిఖరం కనిపించదు. బీరువా తలుపు మీది బొమ్మలో ఉన్న దృశ్యం దూరం నుండి, పచ్చిక మీద నిలబడి చూసినదే అయి ఉంటుంది. 1,638 మీటర్ల ఎత్తున ఉన్న ముర్రెన్ అనే ఊరిలో, కార్లు తిరగని వీధిలో నడుస్తూ ఉంటే ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ ఎదురుగా నిలబడి ఉంటాయి. లూసర్న్ సరస్సు పక్కన రీగి కొండ 1,798 మీటర్లు. 1871లో వేసిన, రంపపు పళ్ళ వంటి పట్టాను పట్టుకుని ఎక్కే దాని రైలు ఐరోపాలో కొండ ఎక్కిన అలాంటి రైళ్ళలో మొదటిది. మెట్లు ఎక్కే పని లేకుండా శిఖరం దగ్గరికంటా రైలులోనే వెళ్ళవచ్చు కనుక మీ మోకాళ్ళకు కూడా ఇది అనుకూలం. వైద్యుడు సరేనంటే యుంగ్‌ఫ్రౌయోక్‌కు కూడా వెళ్ళండి. అయితే దానిని వెళ్ళిన మర్నాడే పెట్టుకోకుండా, రెండు మూడు రోజులు వెంగెన్, ముర్రెన్ వంటి మధ్య ఎత్తు ఊళ్ళలో గడిపాక పెట్టుకోండి. పైన పొడవైన నడవాలు ఉంటాయి, మంచు గుహలో నేల జారుతుంది. మీరు ఆయన చెయ్యి పట్టుకోవడం కాక ఆయనే మీ చెయ్యి పట్టుకోవలసి రావచ్చు.

అల్లుడుగారి సలహాలో న్యాయం ఉంది. మన హిమాలయాలు ఎందులోనూ తీసిపోవు, ఖర్చు సగం కూడా కాదు, వీసా అక్కర లేదు, భోజనం బెంగ లేదు. కానీ ఆయన చూడని సంగతి ఒకటుంది. మనాలి వెళ్ళినవారందరూ చూడాలనుకునే రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. అది యుంగ్‌ఫ్రౌయోక్ కన్నా ఐదు వందల మీటర్లు ఎక్కువ. గుండె కోసం స్విట్జర్లాండు మాని హిమాచల్‌కు వెళ్ళడంలో అర్థం లేదు. డబ్బు కోసమైతే ఉంది.

ఇక మే నెల. మనకు బడి సెలవులు, అక్కడ మధ్యకాలం. చలికాలపు స్కీయింగు ముగిసి, వేసవి రద్దీ ఇంకా మొదలు కాని రోజులు అవి. గదుల అద్దెలు జూలై, ఆగస్టుల కన్నా తక్కువగా ఉంటాయి, రైళ్ళలో చోటు దొరుకుతుంది. మంచు కరిగి జలపాతాలన్నీ నిండుగా దూకుతూ ఉంటాయి. లౌటర్‌బ్రున్నెన్ లోయలో కొండ లోపల పడే ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతంలో సెకనుకు ఇరవై వేల లీటర్ల దాకా నీరు వస్తుంది. ఆ గుహలో మనిషి మాట మనిషికి వినపడదు. అయితే అక్కడ మెట్లున్నాయి, మీ మోకాళ్ళను చూసుకుని వెళ్ళండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. చాలా కేబుల్ కార్లను ఏప్రిల్, మే నెలల్లోనే మరమ్మతుల కోసం ఆపుతారు, ఎత్తైన కనుమ దారులు చాలావరకు జూనులో గాని తెరవరు, ఎత్తున ఉన్న కాలిబాటలు మంచు కిందే ఉంటాయి, వానలు ఎక్కువ. రీగి, యుంగ్‌ఫ్రౌయోక్ రైళ్ళు ఏడాది పొడవునా నడుస్తాయి కనుక మీరు పూర్తిగా నష్టపోయేది ఏమీ లేదు. కానీ ఫలానా కొండ చూడాలని ముందే మనసులో పెట్టుకుని వెళితే అది తెరిచి ఉందో లేదో గది తీసుకోకముందే చూసుకోవాలి.

సెప్టెంబరు దీనికన్నా మంచిదని నా అభిప్రాయం. ఆకాశం తేటగా ఉంటుంది, దాదాపు అన్నీ తెరిచి ఉంటాయి, వేసవంతా పై పచ్చికల్లో మేసిన ఆవులను కొమ్ములకు పూలు కట్టి, మెడలో పెద్ద గంటలు వేసి కొండ దించుతారు. కానీ మీకు సెప్టెంబరులో బడి ఉంటుంది. దసరా సెలవులు కొన్ని ఏడాదుల్లో సెప్టెంబరు చివర మొదలవుతాయి, కొన్ని ఏడాదుల్లో అక్టోబరు మధ్యకు జరుగుతాయి. అంత ఆలస్యమైతే కొండ మీది రైళ్ళు కొన్ని మూతపడే సమయం వచ్చేస్తుంది. పైగా నవరాత్రుల్లో అత్తగారిని, ఇంట్లో పూజను విడిచి వెళ్ళడం మీకు ఎంత కష్టమో మీకే తెలుసు. మీ పదవీ విరమణ దాకా ఆగితే నెల ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది, అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది అవుతాయి. వయసుతో పాటు ప్రయాణ బీమా ఖర్చు పెరుగుతుంది, మోకాళ్ళు మాత్రం బాగుపడవు. నాకైతే ఆగమని చెప్పడానికి మనసొప్పడం లేదు.

మీవారు పెట్టిన ఆరు లక్షలలో, పొదుపుగా వెళితే, ఇద్దరి ప్రయాణం అవుతుందని నా అంచనా. స్విస్ ఫ్రాంకు నూరు రూపాయలు దాటింది. హోటలులో మామూలు భోజనం ఒక్కరికి పాతిక ముప్పై ఫ్రాంకులు. అక్కడ డబ్బు ఖర్చయ్యేది రోజులను బట్టి కన్నా ఎక్కిన కొండలను బట్టి అని ముందే గుర్తుంచుకుంటే లెక్క తేలిక అవుతుంది. యుంగ్‌ఫ్రౌయోక్ ఒక్కటే ఇంటర్లాకెన్ నుండి వెళ్ళి రావడానికి మనిషికి పూర్తి ఛార్జీ రెండు వందల ఫ్రాంకులు దాటుతుంది. రైళ్ళకు, బస్సులకు, సరస్సుల్లోని పడవలకు పనికి వచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా ఆ పై దారికి పావు వంతే తగ్గుతుంది. అదే పాస్ మీద రీగి ప్రయాణం మొత్తం ఉచితం. కనుక ఖరీదైన కొండ ఒకటి, మిగతా రోజుల్లో పాస్‌తో వెళ్ళగలిగినవి అనుకుంటే సరిపోతుంది. ఖరీదైన దానికి టికెట్టు ముందుగా కొనకండి. కొండ మీది కెమెరాలు పంపే ప్రత్యక్ష దృశ్యాలు పొద్దున్నే ఫోనులో కనిపిస్తాయి, చాలా హోటళ్ళలో టీవీలోనూ వస్తాయి. వాటిని చూసి, ఆకాశం తేటగా ఉన్న రోజున వెళ్ళండి. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఈ మాట తెలియక, ముందే కొన్న టికెట్టు వృథా అవుతుందని మబ్బులో పైకి వెళ్ళి, అద్దానికి అవతల తెల్లదనం తప్ప ఏమీ చూడకుండా దిగి వచ్చాను. ఆ మర్నాడు సాయంత్రం వెంగెన్‌లో, తొమ్మిది గంటల వేళ, దొన్నెలా తొలిచిన మొద్దులోకి నీరు పడుతున్న ఊరి కొళాయి దగ్గర సీసా నింపుకుంటూ ఉంటే మబ్బు విడిపోయి యుంగ్‌ఫ్రౌ గులాబీ రంగులో కనిపించింది. సీసా నిండి నీళ్ళు చేతి మీదుగా కారి, చెయ్యి కొంకర్లు పోయేదాకా నాకు తెలియలేదు. ఆ దృశ్యానికి నేను పైసా ఖర్చు పెట్టలేదు.

అందుకే మీ అమ్మాయి చెప్పిన ప్యాకేజీ మీద నాకు మక్కువ తక్కువ. అయినా దాని మంచిని దాచను. వీసా కాగితాల దగ్గర నుండి పెట్టె మోసే బస్సు దాకా మరొకరు చూసుకుంటారు, రెండు పూటలా మన భోజనం దొరుకుతుంది, ఒంట్లో బాగా లేకపోతే పలకరించే తెలుగువారు పక్కనే ఉంటారు. మొదటిసారి దేశం దాటేవారికి అది చిన్న ధైర్యం కాదు. కానీ పదకొండు రోజుల్లో ఆరు దేశాలంటే స్విట్జర్లాండులో మీకు దక్కేది రెండు మూడు రాత్రులు. తెల్లవారకముందే పెట్టెలు గది బయట పెట్టాలి, రోజూ గంటల తరబడి బస్సులో కూర్చోవాలి. వాన పడినా మబ్బు పట్టినా ఆ తేదీన ఆ కొండే ఎక్కాలి. గంటల తరబడి మోకాళ్ళు మడిచి కూర్చోవడం మీకు నడక కన్నా కష్టం కావచ్చు. మీవారికి కావలసింది ఒక కొండ ముందు తీరిగ్గా కూర్చోవడం. ప్యాకేజీలో దొరకనిది సరిగ్గా అదే. ప్యాకేజీయే అనుకుంటే ఒక్క దేశమే చూపించే దానిని వెదకండి, పెద్ద వయసు వారి కోసం నెమ్మదిగా నడిపేవి కూడా ఉన్నాయి. ప్యాకేజీ ధర మీద అదనంగా టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తారు. అది తరువాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ, ముందు చేతి నుండి పెట్టాలి. ఖర్చే బెడద అయితే పక్కనున్న ఆస్ట్రియా కూడా ఆల్ప్స్ దేశమే. ఇన్స్‌బ్రుక్‌లో నగరం నడిబొడ్డు నుండే కొండ మీదికి బండి ఎక్కవచ్చు, గదులు, భోజనాలు స్విట్జర్లాండు కన్నా బాగా చవక. కానీ బీరువా తలుపు మీద ఉన్నది ఆస్ట్రియా కాదు కదా, ఆ మాట మీవారినే అడగాలి.

సొంతంగా వెళితే రోజుకో ఊరు మారకండి. ఇంటర్లాకెన్ చుట్టుపక్కల ఐదు రాత్రులు, లూసర్న్‌లో మూడు రాత్రులు చాలు. రైళ్ళు గడియారం ప్రకారం నడుస్తాయి, స్టేషన్లలో ఏటవాలు దారులు, లిఫ్టులు సాధారణంగా ఉంటాయి, ఆంగ్లంతో పని జరుగుతుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

ఇప్పుడు ఆ గరిటె దగ్గరకు వద్దాం. వంటగది ఉన్న ఇల్లు నిజంగానే చవక. శాకాహారులకు నిశ్చింత కూడా. బియ్యం, పెరుగు, కూరగాయలు ఏ కూప్, మిగ్రో దుకాణంలోనైనా దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి పట్టుకెళ్ళవచ్చు. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకండి, మన దేశం నుండి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్ళడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా అంతే. నెయ్యికి బెంగ పడనక్కర లేదు, అక్కడి వెన్న కొని కాచుకుంటే పావుగంటలో ఇల్లంతా మన ఇంటి వాసన వస్తుంది. జున్ను లాంటి వారి చీజు శాకాహారమే అనుకుంటారు మనవారు, కానీ గ్రుయేర్ వంటి పేరున్న రకాలను దూడ కడుపులోని రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉంటే అడిగి కొనండి.

కానీ చవక అన్న మాటలో మీ శ్రమ ఖరీదు కలపలేదు మీవారు. రోజుకు మూడు పూటల వంట మీదే అయితే ఆయనకు అది యాత్ర, మీకు మరో ఊరిలో కాపురం. దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. పొద్దుట కాఫీ, రొట్టె, పళ్ళు ఆయన వంతు, మధ్యాహ్నం బయట ఏదైనా చిన్నది, రాత్రికి అన్నం, పెరుగు, పొడి, గిన్నెలు కడగడం ఆయనది. ఇది మొదటి దారి. రెండోది, ఫలహారం ఇచ్చే హోటలులో దిగి, రెండు రోజులకొకసారి ఇంటర్లాకెన్, లూసర్న్‌లలో ఉన్న భారతీయ భోజనశాలకు వెళ్ళడం. ఖర్చు లక్షకు పైగా పెరగవచ్చు, ఆ మేరకు రెండు రోజులు తగ్గించుకోవాలి. మూడోది ఇంతకు ముందు చెప్పిన ఒక్క దేశపు ప్యాకేజీ. ఏది నచ్చినా మీరే ఎంచుకోండి, ఆయన నిర్ణయించాక మీరు సర్దుకోవద్దు. ముప్పై అయిదేళ్ళు బడిలోనూ ఇంట్లోనూ పని చేసిన మనిషి ఎనిమిది రోజులు వండను అంటే తప్పు పట్టవలసినది ఏముంది?

అత్తగారి భయం నిజమైన సంఘటన నుండే వచ్చింది. 2025 మే 28న లోట్షెన్‌టాల్ లోయలో హిమానీనదం విరిగి బ్లాటెన్ అనే ఊరిని పూడ్చేసింది. కొండ కదులుతున్నదని గమనించి సుమారు మూడు వందల మందిని అంతకు ముందే ఖాళీ చేయించారు, ఒకరు మరణించారు. అక్కడి కొండలను ఎంత జాగ్రత్తగా కనిపెట్టి ఉంటారో, మంచు ఎంత వేగంగా తరిగిపోతున్నదో రెండూ ఆ ఒక్క సంగతిలోనే తెలుస్తాయి. దారి మూసినట్టు బోర్డు ఉంటే వెనక్కి తిరగండి, మీరు వెళ్ళే రైలు దారులకు దీనితో భయం లేదని అత్తగారికి చెప్పండి, రోజూ వీడియోలో కనిపించండి. ఆడపడుచు అన్న మాటను మనసులో పెట్టుకోకండి. మాట అన్నా, పది రోజులు తల్లిని చూసుకోవడానికి వస్తున్నారు. అంతకన్నా పెద్ద సాయం ఈ ప్రయాణానికి మరెవరూ చేయడం లేదు. మందుల పట్టీ, వైద్యుని నంబరు రాసిపెట్టి, వీలైతే పగటి పూట ఒక సాయం మనిషిని పెట్టి వెళ్ళండి.

పనులు ఏ వరుసలో చేయాలన్నది చాలా ముఖ్యం. ముందు గుండె వైద్యుని మాట, తరువాత విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతి, ఆ తరువాత స్విట్జర్లాండుతో పాటు ఐరోపాలోని చాలా దేశాలకు పనికి వచ్చే షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండే దరఖాస్తు చేయవచ్చు, వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి. వీసాకు కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా కావాలి. ఏజెంటు ఇచ్చే చవక బీమాలో పాత జబ్బులకు రక్షణ లేకపోతే మీవారికి అది ఉన్నా లేనట్టే. స్టెంటు సంగతి దాచకుండా రాసి, పాత జబ్బు వల్ల వచ్చే అత్యవసర చికిత్సకు కూడా వర్తించే దానినే కొనండి. అక్కడ ఆసుపత్రి ఖర్చు మీ పదిహేను లక్షలను రోజుల్లో తినేయగలదు.

వైద్యుని దగ్గరకు వెళ్ళే ముందు రోజు రాత్రి ఆ బీరువా తలుపు తెరిచి, ఆ బొమ్మ ఏ ఊరిదో ఇద్దరూ కలిసి వెదకండి. మీకు సరస్సులో పడవ కావాలో, పూల తోట కావాలో, ఏ పనీ లేకుండా బెంచీ మీద కూర్చోవడమే కావాలో కూడా అప్పుడే ఆయనతో చెప్పండి. గదులు మాత్రం డబ్బు వెనక్కి వచ్చేటట్టు రద్దు చేసుకోవడానికి వీలున్నవే తీసుకోండి, వైద్యుడు మే నెల వద్దని ఆగమన్నా నష్టం ఉండదు.